మా పత్రికకు వచ్చే కథల్ని, కవితల్ని న్యాయంగా చూడాలంటే ఏం చేయాలి?

హన్మకొండ త్రైమాసికం

అందరికీ నమస్కారం. హన్మకొండ నుంచి నలుగురం మిత్రులం కలిసి మూడు నెలలకోసారి సాహిత్య పత్రిక తెస్తున్నాం. 64 పేజీలు, మూడేళ్లయింది. ఒక్కో సంచికకు నలభై దాకా కథలు, రెండు వందల దాకా కవితలు వస్తాయి. మేం వేయగలిగేది నాలుగు కథలు, పన్నెండు కవితలు. ఇన్నాళ్లూ ఎవరి ఫోనుకు వచ్చినవి వాళ్లు చదివి, ఆదివారం ఒకరింట్లో కూర్చుని, ఇది బాగుంది ఇది వేద్దాం అనుకుని వేసేశాం. అట్లా చేస్తే సరిపోతుందనే అనుకున్నాం.

పోయిన నెల పరకాల వైపు నుంచి ఒకామె ఫోన్ చేసింది. "పద్నాలుగు నెలల కింద కథ పంపిన సార్, వేస్తరా వెయ్యరా, ఒక్క మాట చెప్తే చాలు" అంది. నాకు ఆ కథ గుర్తే లేదు. వెతికితే మాలో ఒకరి వాట్సాప్‌లో, ఎవరిదో పెళ్లి ఫోటోల పైన, పీడీఎఫ్ దొరికింది. డౌన్‌లోడ్ కూడా చేయలేదు, కిందికి చూపించే ఆ బాణం గుర్తు అట్లాగే ఉంది. ఇంకా బాధ పెట్టిన సంగతి ఏమిటంటే, కిందటి సంచికలో ఆరు పేజీలు ఖాళీ మిగిలితే ప్రెస్సుకు పోయే ముందురోజు రాత్రి మా స్నేహితుడికి ఫోన్ చేసి కథ అడిగి తెప్పించుకుని వేశాం. ఆమె కథ అప్పటికే మా దగ్గర ఉంది. ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టుకుని చూశాక నాకు నిద్ర పట్టలేదు.

పేర్లు తీసేసి చదవాలా? జవాబుకు గడువు పెట్టుకోవాలా? తెలిసినవాళ్ల రచనలు వస్తే ఏం చేయాలి? పత్రిక నడిపినవాళ్లు, పంపి ఎదురుచూసినవాళ్లు, ఎవరైనా సరే చెప్పండి.

సుబేదారి లెక్చరర్ (రిటైర్డ్)

తమ్మీ, నువ్వు దాచుకోకుండా చెప్పినందుకు సంతోషం. నేను చాలా ఏళ్లు ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్‌కు పోయిన మనిషిని, అక్కడి సంగతి చెప్తాను. పేపరు మన చేతికి వచ్చేసరికి విద్యార్థి వివరాలున్న ముక్క చింపేసి ఉంటుంది, కోడ్ నెంబరు ఒక్కటే మిగులుతుంది. నా కొడుకు పేపరే నా ముందుకొచ్చినా నాకు తెలియదు. దానివల్ల పిల్లలకు జరిగే మేలు సరే, నాకు కూడా ఎంతో నిశ్చింతగా ఉండేది. చుట్టాలు ఫోన్ చేసి మావాడి పేపరు కాస్త చూడు అంటే, నాకు తెలియదయ్యా అని నిజమే చెప్పేవాణ్ని.

మీరు చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. రచనలన్నీ ఒకే ఈమెయిల్‌కు, ఒకే మనిషికి రావాలి, ఆ మనిషి మాత్రం రచనల మీద అభిప్రాయం చెప్పకూడదు. వచ్చిన తేదీ, పేరు, రచన పేరు పుస్తకంలో రాసుకుని, నెంబరు వేసి, పైనున్న పేరు, ఫోన్ నెంబరు తీసేసి మిగతా ముగ్గురికీ పంపాలి. ఆ నెంబరు అదే రోజు రచయితకు కూడా పోవాలి. మీ కథ అందింది, నెంబరు 37. ఈ నాలుగు మాటలు వస్తే పంపినవాడికి సగం టెన్షన్ పోతుంది. 1966లో 'సృజన' సాహిత్య పత్రిక మొదలైన ఊరు మనది, ఇక్కడ పత్రిక పెట్టినవాళ్ల మీద ఆ మాత్రం బాధ్యత ఉంటుంది.

కాజీపేట జంక్షన్

సార్ చెప్పింది బాగుంది గానీ పరీక్ష పేపరుకు కీ ఉంటుంది, కథకు కీ ఉండదు కదా సార్. పైగా మన దగ్గర రాసేవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. కవిత నిన్న ఫేస్‌బుక్‌లో చదివి ఉంటాం, కథ ఆర్నెల్ల కింద ఒక సభలో విని ఉంటాం. రెండో లైనుకే ఎవరు రాశారో తెలిసిపోతుంది. ముగ్గురు తెలిసినవాళ్ల రచనలు పేరు తీసినా దొరికిపోతాయి, తెలియని ముప్ఫై ఏడుగురు నెంబర్లుగా మిగిలిపోతారు. నేను రెండేళ్లు ఒక చిన్న పత్రికలో పనిచేశాను, పేర్లు దాచిన సంచికకూ దాచని సంచికకూ పెద్ద తేడా కనిపించలేదు.

నా దృష్టిలో అన్యాయం జరిగేది మీరు చెప్పిన ఆ ముందురోజు రాత్రి. తీరిగ్గా ఉన్నప్పుడు అందరం ధర్మంగానే ఉంటాం. పేజీలు ఖాళీ ఉన్నాయని డీటీపీ అబ్బాయి ఫోన్ చేయగానే చేయి స్నేహితుడి నెంబరు మీదికి పోతుంది. అందుకని ఎప్పుడూ రెండు కథలు, నాలుగు కవితలు ఒప్పుకున్నవి చేతిలో ఉంచుకోండి. వచ్చే సంచికకు అనుకున్నవి ఈ సంచికకు లాక్కోవచ్చు. మా దగ్గర ఆ పని చేశాకే రాత్రిపూట ఫోన్లు ఆగిపోయాయి.

మానేరు ఒడ్డు

పేరు తీసేస్తే తేడా ఉండదని అన్న అంటున్నారు. అన్నా, మీకు లేకపోవచ్చు, మాకు ఉంటుంది. పదేళ్ల కింద ఒక పత్రికకు కథ పంపితే సంపాదకుడు ఫోన్ చేశాడు. మీవారు ఏం చేస్తారు, మీదే ఊరు, మీ ఇంటిపేరు వాళ్లు ఫలానావాళ్లేనా అని ఇరవై నిమిషాలు మాట్లాడాడు, కథ గురించి ఒక్క ప్రశ్న లేదు. ఫోన్ పెట్టేశాక అర్థమైంది, ఆయన నా కులం తెలుసుకోవడానికి చేశాడని. తర్వాత ఆ కథ సంగతే లేదు. పేరు లేకుండా వచ్చి ఉంటే కనీసం కథ చదివేవాడు. కాబట్టి పేర్లు తీయండి. అందరి దగ్గరా పనిచేయకపోయినా కొత్తవాళ్ల దగ్గర పనిచేస్తుంది.

ఇంకో మాట, ఇది నేను చాలా ఏళ్లుగా మనసులో పెట్టుకున్నది. రచనతోపాటు హామీ పత్రం అడుగుతారు కదా. ఈ కథ నా సొంతం, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు అని సంతకం పెట్టి పంపుతాం. అంటే మీరు జవాబు ఇచ్చేదాకా ఆ కథను ఇంకెక్కడికీ పంపం అని మాటిస్తున్నాం. మరి మీరు ఎన్నాళ్లకు జవాబు ఇస్తారో చెప్పరే? పరకాల ఆమె పద్నాలుగు నెలలు ఆ సంతకానికి కట్టుబడి కూర్చుంది. పోటీలైతే ఇంకా ఘోరం, సంపాదకులదే తుది నిర్ణయం, ఉత్తర ప్రత్యుత్తరాలకు తావులేదు అని ముందే రాసేస్తారు. హామీ అంతా మా వైపు నుంచే. పత్రిక కూడా రచయితకు ఒక హామీ పత్రం రాసివ్వాలి, మీరు చేయాల్సిన మొదటి పని అది.

హన్మకొండ త్రైమాసికం

మేడం, మా హామీ పత్రం నమూనా ఇప్పుడే తీసి చూశాను. మీరు చెప్పినట్టే ఉంది, ఐదు వాక్యాలు, ఐదూ రచయిత మీదే. నేనే టైప్ చేశాను దాన్ని, వేరే పత్రికది చూసి. ఒక్కసారి కూడా తట్టలేదు.

ఎన్ని రోజులైతే న్యాయం అంటారు? మేం అందరం ఉద్యోగాలు చేసుకుంటూ నడుపుతున్నాం.

మానేరు ఒడ్డు

మూడు నెలలు. తొంభయ్యో రోజు దాటితే రచయిత మిమ్మల్ని అడక్కుండానే ఆ కథను వేరే పత్రికకు పంపుకోవచ్చు అని రాయండి. మీకు తీరిక ఉండకపోవచ్చు, అది నాకు అర్థమవుతుంది. ఆ తీరిక లేకపోవడానికి మూల్యం రచయిత కట్టకూడదు.

పోచమ్మమైదాన్

పేర్లు తీయడం, గడువు రెండూ ఒప్పుకుంటాను. కానీ భాష సంగతి ఎవరూ ఎత్తలేదు. పేరు చింపేయొచ్చు, యాస ఎట్లా చింపుతారు?

నా సంగతే చెప్తాను. మా అమ్మ చనిపోయాక ఒక కథ రాశాను, మా ఊరి మాటలోనే. మా దిక్కు కన్నతల్లిని అవ్వ అంటాం. "అవ్వ ముంతల సల్ల పోసి నా ముంగట పెట్టింది" అని మొదలవుతుంది. కథ తీసుకున్నారు, అచ్చయి వచ్చింది, తెరిచి చూస్తే "నాయనమ్మ చెంబులో మజ్జిగ పోసి నా ముందు పెట్టింది" అని ఉంది. అవ్వ అంటే ముసలామె అనుకున్నారు. కథ నిండా అవ్వ అన్నచోటల్లా నాయనమ్మ. మా అవ్వ సచ్చిపోతే నేను ఏడ్చిన కథలో మా అవ్వే లేదు. మా అన్న చదివి, ఇదేందిరా నాయనమ్మ నువ్వు పుట్టకముందే పోయింది కదా అన్నాడు. ఆ సంచిక ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికీ చూపించను.

ఆ సంపాదకుడు చెడ్డవాడు కాదు, బాగు చేస్తున్నాననే అనుకున్నాడు. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం, సభల్లో దండలు వేస్తున్నాం, ఆయన బతికిన ఊర్లో పత్రిక నడిపేవాళ్లు ఒక మాట మార్చేముందు రాసినవాణ్ని అడగాలా వద్దా? అచ్చుతప్పులు దిద్దుకోండి, అడిగే పనిలేదు. మాట మారిస్తే మాత్రం ప్రూఫు పంపి, రచయిత సరేనన్నాకే ప్రెస్సుకు పోవాలి. మీ హామీ పత్రంలో ఇది కూడా ఉండాలి. చదివే ముగ్గురిలో ఒకరైనా పల్లె నుంచి వచ్చినవాళ్లు ఉన్నారో లేదో కూడా చూసుకోండి. యాస పలకగానే ఇది మోటుగా ఉంది అని పక్కన పెట్టేవాళ్లు ముగ్గురైతే, నెంబర్లు వేసి లాభం లేదు.

సుబేదారి లెక్చరర్ (రిటైర్డ్)

ఈ పోస్టు రెండుసార్లు చదివాను. నేను కూడా క్లాసులో పిల్లల వ్యాసాల్లో ఇట్లాంటి మాటలు ఎర్ర ఇంకుతో కొట్టేసినవాణ్నే. నాయనా, ఆ కథ నీ మాటల్లో ఉన్న ప్రతి నీ దగ్గర ఉంటే నాకు పంపు, చదువుకుంటాను.

ఉట్నూరు ఆశ్రమ పాఠశాల

మీరందరూ వచ్చిన రచనల గురించి మాట్లాడుతున్నారు. రానివాటి సంగతి?

నేను ఇక్కడ తెలుగు చెప్తాను. పదో తరగతిలో ఒక గోండు పిల్ల ఉంది, ఇంట్లో గోండీ, బడిలో తెలుగు. నోట్‌బుక్ వెనక పేజీల్లో పెన్సిల్‌తో కవితలు రాస్తుంది. ఒకటి వాళ్ల ఇంటి ముందు ఇప్పపూలు ఏరడం మీద, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు పూలు రాలే చప్పుడు గురించి. ఇరవై ఏళ్లలో నేను చదివిన మంచి కవితల్లో అదొకటి. పత్రికలకు పంపుదామని చూస్తే ప్రతి ఒక్కరూ యూనికోడ్‌లోనే పంపాలి, చేతిరాత ప్రతులు చూడబడవు అని రాశారు. పాత పత్రికలవాళ్లకు అనూ అనే పాత డీటీపీ ఫాంట్లలో కావాలి, అనూ నుంచి యూనికోడ్‌కు మారిస్తే వత్తులు ఎగిరిపోయి చదవడానికి వీల్లేకుండా అవుతుంది, అది వేరే బాధ. ఆ పిల్ల దగ్గర ఫోనే లేదు.

సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోల్కొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవుల్ని చూపించారని మనం గొప్పగా చెప్పుకుంటాం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు అది జవాబు. ఆ 354 మందీ అంతకుముందు కూడా ఉన్నారు, రాసినవి ఇళ్లలో ఉన్నాయి, ఒకచోటికి తెచ్చినవాళ్లు లేరు. ఇప్పుడు ఉట్నూరులో, ఆసిఫాబాద్‌లో, ఏటూరునాగారంలో రాసేవాళ్లు లేరని మీరు నోటితో అనకపోయినా, మీ పిలుపు నాలుగు వాట్సాప్ గ్రూపులు దాటకపోతే అన్నట్టే. చేతిరాత ఫోటో తీసి పంపితే తీసుకోండి. మీలో ఒకరు టైప్ చేయండి. లైబ్రరీల్లో, కాలేజీ నోటీసుబోర్డుల మీద కాయితం అంటించండి.

కాజీపేట జంక్షన్

మాష్టారూ, టైపింగ్ నేను చేస్తాను. నెలకు ఇరవై కవితలు, రెండు కథల దాకా కూర్చోగలను. హన్మకొండ అన్నలూ, నా నెంబరు మీకు విడిగా పంపుతున్నాను. కాయితం అంటించేదుంటే రాజరాజ నరేంద్ర భాషా నిలయంతో మొదలుపెట్టండి, 1904 నుంచి ఉన్న గ్రంథాలయం, పుస్తకాల కోసం వచ్చే పిల్లలే అక్కడ ఎక్కువ.

కోర్టు రోడ్డు

వకీలుగా ఒక్క సంగతి చెప్పి పోతాను, ఎవరూ చూడనిది. కథ మీ పత్రికలో వేశారంటే కథ మీదైపోదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాసివ్వడం అనేది లిఖితపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్లకు అనేది రాయకపోతే ఐదేళ్లే అనుకోవాలి, ఎక్కడిదాకా అనేది రాయకపోతే ఇండియా వరకే. చాలా పత్రికలు ఏడాది చివర కథలన్నీ కలిపి సంకలనం వేసుకుంటాయి, రచయితకు ఒక ప్రతి కూడా పంపవు. అట్లాంటి కేసులో ఒకాయన నా దగ్గరికి వచ్చాడు, డబ్బు కోసం కాదు సార్, ఒక్క మాట అడిగి ఉంటే బాగుండు అన్నాడు. మీ పత్రంలో ఒక్కసారి అచ్చువేసుకునే హక్కు మాత్రమే మాది, మళ్లీ ఎక్కడ వేసినా అడుగుతాం అని తేటగా రాయండి.

జగిత్యాల పాఠకుడు

నేను రాయను, చదువుతాను, ఐదు పత్రికలకు చందా కడతాను. పాఠకుడిగా నాకు కనిపించేది చెప్తాను. కొన్ని పత్రికల్లో వెనక పేజీలో శాశ్వత చందాదారుల లిస్టు, ముందు పేజీల్లో కవుల పేర్లు రెండూ పక్కన పెట్టుకుని చూడండి. సగం పేర్లు కలుస్తాయి. చందా కట్టమని కవికి ఫోన్ చేసేదీ, ఆ కవి కవిత చదివేదీ ఒక్క మనిషే అయితే ఏం జరుగుతుంది? చందాల పుస్తకం, రచనల పుస్తకం ఒక చేతిలో ఉండకూడదు. పత్రికకు డబ్బు కష్టమని నాకు తెలుసు, కాయితం రేటు, పోస్టేజీ అన్నీ తెలుసు. కావాలంటే నా దగ్గర ఇంకో వంద ఎక్కువ తీసుకోండి, కవి దగ్గర తీసుకోకండి.

సంపాదకులు తమ కవితలు తామే వేసుకోవడం కూడా ఆపితే మంచిది.

పోచమ్మమైదాన్

చివరి మాటతో ఒప్పుకోను సార్. మమ్మల్ని ఎవరూ వేయకనే మేం సొంత పత్రికలు పెట్టుకున్నాం. నాలుగు సంచికలకు ఒకటి చొప్పున వేసుకోనివ్వండి, కాకపోతే ఆ ఒక్కటీ బయటి మనిషి చదివి సరే అనాలి.

కాజీపేట జంక్షన్

మార్కుల సంగతి మర్చిపోయాను. ముగ్గురు చదివి పదికి మార్కులు వేసి సగటు తీసే పద్ధతి మాత్రం పెట్టుకోకండి. మేం చేసి చూశాం. ముగ్గురూ ఆరు వేసిన కథ పైకొస్తుంది, ఒకరు పది, ఇద్దరు రెండేసి వేసిన కథ కిందికి పోతుంది. నాకు గుర్తున్న గొప్ప కథలన్నీ రెండో రకానివే. సగటు తీస్తే ఎవరికీ అభ్యంతరం లేని కథలే మిగులుతాయి. ఒక్కరు గట్టిగా పట్టుబట్టినా సరే అది రెండోసారి నలుగురి ముందుకు రావాలి, పట్టుబట్టినవాళ్లు ఎందుకో చెప్పాలి.

వద్దన్నప్పుడు స్థలాభావం వల్ల అని రాయకండి. స్థలం ఎందుకు లేదు, బాగుందనుకున్న వాటికి ఉంది కదా. మా ముగ్గురికీ నచ్చలేదు అని రాస్తే బాధపడతారు గానీ అది నిజం, ఇంకో పత్రికకు పంపుకుంటారు. రెండు వందల కవితలకు కారణాలు రాయడం ఎవరివల్లా కాదు. రెండోసారి చదివిన పదిహేనింటికి మాత్రం రెండు లైన్లు రాయండి, నా మొదటి కథ వెనక్కి వచ్చినప్పుడు, ముగింపు రెండు పేజీల ముందే అయిపోయింది అని ఒకాయన పెన్నుతో రాసిన ముక్క ఇప్పటికీ నా దగ్గర ఉంది.

హన్మకొండ త్రైమాసికం

నిన్న నలుగురం కూర్చున్నాం, రాత్రి పదకొండు అయింది. మాలో మాకు గొడవ కూడా అయింది, స్నేహితుడి కథ వేసిన విషయంలో. ఒకరు పత్రిక ఆపేద్దాం అన్నదాకా పోయింది. చివరికి ఇది రాసుకున్నాం, వచ్చే సంచిక రెండో పేజీలో రచయిత ఇచ్చే హామీ పత్రం పక్కనే అచ్చువేస్తాం:

మీ రచన అందిన వారం లోపల నెంబరు పంపుతాం. పేరు తీసేసి ముగ్గురం చదువుతాం. రాసినవారు ఎవరో తెలిస్తే, వారు మా మిత్రులో బంధువులో అయితే, ఆ సంగతి చెప్పి పక్కకు తప్పుకుంటాం. తొంభై రోజుల లోపల అవునో కాదో చెప్తాం, చెప్పలేకపోతే మీ రచన మీద మాకు ఏ హక్కూ లేదు. మీ మాట ఒక్కటి మార్చినా మీకు చూపించి మారుస్తాం. ఒక్కసారి అచ్చువేసుకునే హక్కే మాది. చేతిరాత ప్రతులు కూడా తీసుకుంటాం. మా పత్రికకు చందా కట్టారా లేదా అన్నది చదివేవాళ్లకు తెలియదు.

నోట్‌బుక్ మా చెల్లె చూసుకుంటానంది, తను రాయదు, కవిత్వం అంటే పెద్ద ఇష్టం కూడా లేదు, బ్యాంకులో పనిచేస్తుంది. పాతవన్నీ నాలుగు ఫోన్లలో వెతికి తీస్తే జవాబు ఇవ్వనివి నూట పదహారు తేలాయి. అన్నింటికీ ఈ నెలలో జవాబు రాస్తాం. సంపాదకుల రచనల సంగతి ఇంకా తేలలేదు.

పరకాల ఆమె కథ ముగ్గురం చదివాం. బావి పూడికతీత మీద కథ, మధ్యలో తాడు జారే సీను చాలా బాగుంది, చివర కొంచెం తొందరపడింది. ఫోన్ చేసి, తప్పు మాదేనని చెప్పి, చివరి భాగం ఒకసారి చూస్తారా, వేసుకుంటాం అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "అప్పుడే చెప్తే తిరగరాసేదాన్ని సార్. మీరు జవాబియ్యకపోతే బాగలేదేమో అనుకున్న. ఆ నోటుబుక్కు ఎక్కడ పెట్టిన్నో సూడాలె" అంది. దొరికితే పంపమన్నాను. ఆమె పంపిన పీడీఎఫ్ ప్రింటు తీసి, ఆ చివరి రెండు పేజీల పక్కన మాకు అనిపించింది పెన్నుతో రాసి, పొద్దున పోస్టులో వేశాను.

ఉట్నూరు ఆశ్రమ పాఠశాల

మీ అడ్రస్ పెట్టండి. ఇప్పపూల కవిత పిల్లతోనే మంచి కాయితం మీద రాయించి పంపుతాను. పేరు వెనకవైపు రాయమంటాను, మీ చెల్లె చింపుకునేటట్టు.